మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని చెప్పే ముందు

డబ్బు చెల్లించి కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి “మీ లైసెన్స్ చెల్లదు” అని చెబితే మనిషికి వచ్చే కోపం వేరు. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే అది ప్రోగ్రామ్‌లో ఉన్న లోపమని ఎవరైనా సరిపెట్టుకుంటారు. లైసెన్స్ చెల్లదన్న మాట మాత్రం కొన్నవారి నిజాయితీనే శంకిస్తున్నట్టు వినిపిస్తుంది. పైగా ఆ సందేశం తీరికగా ఉన్న రోజున రాదు. కొత్త కంప్యూటర్‌కు మారిన రోజున, పాడైన మదర్‌బోర్డు మార్పించిన రోజున, తెల్లవారేసరికి పని అప్పగించవలసిన రాత్రి వస్తుంది. లైసెన్సింగ్ సపోర్టులో నేను మాట్లాడేది ఎక్కువగా ఈ స్థితిలో ఉన్నవారితోనే కాబట్టి, యాక్టివేషన్ (కొన్న లైసెన్స్‌ను కంపెనీ సర్వర్ గుర్తించి వాడుకోనివ్వడం) లోపాలను ఏ వరుసలో వెతకాలో, వెతికేటప్పుడు కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారి కోసం రాస్తున్నాను. సపోర్టుకు ఫోన్ చేసే ఓపిక లేక తామే తంటాలు పడుతున్నవారికి కూడా ఇందులో పనికొచ్చేవి కొన్ని ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సపోర్టులో చాలామంది నోటి వెంట మొదట వచ్చే సలహా “అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి” అన్నది. యాక్టివేషన్ విషయంలో ఇంతకంటే చెడ్డ మొదటి సలహా లేదు. లైసెన్స్ సమాచారం సాధారణంగా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉండదు. విండోస్‌లో అయితే అది ప్రోగ్రామ్‌డేటా అనే, మామూలుగా కంటికి కనిపించని ఫోల్డర్‌లోనో, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాలర్ చాలాసార్లు దాన్ని ముట్టుకోదు కాబట్టి, కస్టమర్ గంటసేపు కూర్చుని అంతా మళ్ళీ ఎక్కించినా పాడైన సమాచారం అక్కడే ఉండి అదే లోపం మళ్ళీ పలకరిస్తుంది. ఆ అన్‌ఇన్‌స్టాలర్ లైసెన్స్ సమాచారాన్ని కూడా తుడిచేసే రకమైతే నష్టం ఇంకా పెద్దది. డీయాక్టివేట్ చేయకుండా తుడిచేసిన యాక్టివేషన్ సర్వర్ లెక్కలో అలాగే మిగిలిపోతుంది. కొన్ని కంపెనీల పద్ధతిలో కొత్తగా చేసినది దాని పక్కన మరొకటిగా చేరుతుంది. రెండు కంప్యూటర్లకు అనుమతి ఉన్న లైసెన్స్ ఒకే కంప్యూటర్ మీద ఖర్చయిపోవడం ఇలాగే జరుగుతుంది. అంతవరకు కనెక్షన్ సమస్య ఒక్కటే ఉన్న మనిషికి, మన సలహా పుణ్యమా అని పరిమితి దాటిన సమస్య కూడా తోడవుతుంది. మొదటి లోపం ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన లాగ్ ఫైళ్ళు కూడా ఆ తుడుపులో పోయి ఉంటాయి.

యాక్టివేషన్ పైకి ఒకే మెట్టులా కనిపించినా లోపల మూడు ప్రశ్నలు వరుసగా జరుగుతాయి. ఈ కంప్యూటర్ నుంచి లైసెన్స్ సర్వర్‌కు మాట చేరుతోందా అన్నది మొదటిది. చేరితే, ఇచ్చిన కీ ఆ సర్వర్ ఎరిగినదేనా, ఈ ప్రోడక్ట్‌కు, ఈ ఎడిషన్‌కు, ఈ వెర్షన్‌కు చెందినదేనా అన్నది రెండోది. కీ సరైనదే అయితే, దాన్ని ఈ కంప్యూటర్ మీద వాడుకునే హక్కు ఇంకా మిగిలి ఉందా అన్నది మూడోది. మనం వినే ఫిర్యాదులన్నీ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట తెగినవే, ఒకచోటి మందు ఇంకోచోట పనిచేయదు. సర్వర్‌కు మాటే చేరని కంప్యూటర్‌లో కీని పదిసార్లు టైప్ చేయించడం వల్ల, హక్కు అయిపోయిన లైసెన్స్ కోసం ఫైర్‌వాల్ సెట్టింగులు మార్పించడం వల్ల కస్టమర్ ఓపిక తరగడం తప్ప జరిగేదేమీ లేదు. దురదృష్టం ఏమిటంటే, చాలా సాఫ్ట్‌వేర్లు ఈ మూడు రకాల వైఫల్యాలకూ కలిపి “యాక్టివేషన్ విఫలమైంది, కొంతసేపటి తరువాత ప్రయత్నించండి” అన్న ఒకే వాక్యాన్ని చూపిస్తాయి. ఆ వాక్యం రాసిన ప్రోగ్రామర్లను కొన్నాళ్ళు సపోర్టు ఫోన్ల దగ్గర కూర్చోబెడితే అది మారుతుందని నాకు గట్టి నమ్మకం.

కాబట్టి సందేశాన్ని పక్కన పెట్టి దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఎర్రర్ కోడ్‌ను పట్టుకోవాలి. దాన్ని నోటితో చదివించుకోవడం కంటే స్క్రీన్‌షాట్ తెప్పించుకోవడం మేలు, ఎందుకంటే విండోస్ కోడ్‌లలో ఒక్క అక్షరం మారితే అర్థం పూర్తిగా మారిపోతుంది. ఎఫ్050తో ముగిసే కోడ్ కీ చెల్లదని చెబుతుంది, అంటే రెండో ప్రశ్న దగ్గర ఆగింది. సీ003తో ముగిసేది ఆ కీని సర్వర్ నిలిపివేసిందని, సీ008తో ముగిసేది ఆ కీని అనుమతించిన దానికంటే ఎక్కువ కంప్యూటర్లలో వాడి ఉండవచ్చని సూచిస్తాయి. ఎఫ్211తో ముగిసేది హార్డ్‌వేర్ మారిందన్న ఫిర్యాదు, మూడో ప్రశ్నకు చెందినది. ఎఫ్074 కనిపిస్తే ఆ కంప్యూటర్ తన సంస్థలోని కీ మేనేజ్‌మెంట్ సర్వర్‌ను (సంస్థ కంప్యూటర్లను యాక్టివేట్ చేసే సర్వర్‌ను) చేరలేకపోయిందని అర్థం. ఇంట్లో వాడే సొంత కంప్యూటర్‌లో అది కనిపించిందంటే, ఎవరో ఒక సంస్థ మూకుమ్మడిగా కొనే వాల్యూమ్ ఎడిషన్‌ను అందులో ఎక్కించి ఉంటారని కూడా అర్థం. 72ఎఫ్8ఎఫ్‌తో ముగిసే కోడ్ నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దాని వెనక చాలాసార్లు కంప్యూటర్ తేదీ, సమయం తప్పుగా ఉండటం అన్న చిన్న కారణమే ఉంటుంది, రెండు నిమిషాల్లో కస్టమర్ సంతోషంగా ఫోన్ పెట్టేస్తారు.

ఇంజనీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపించే ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్సింగ్ పద్ధతి ఈ విషయంలో కొంత నయం. అది చిన్న రుణ సంఖ్యలతో మాట్లాడుతుంది. మైనస్ 15 అంటే లైసెన్స్ సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదని, మైనస్ 96 అంటే సర్వర్ యంత్రం ఆగిపోయి ఉందని లేదా బదులు ఇవ్వడం లేదని, మైనస్ 97 అంటే సర్వర్ ఉన్నా దాని మీద నడవవలసిన వెండర్ డీమన్ (ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సులను పంచే ప్రోగ్రామ్) నడవడం లేదని అర్థం. మైనస్ 5 అంటే అడిగిన ఫీచర్ ఆ లైసెన్స్‌లో లేదు, మైనస్ 9 అంటే ఆ లైసెన్స్ వేరే యంత్రానికి రాసి ఇచ్చినది, మైనస్ 10 అంటే గడువు తీరింది. మైనస్ 4 అసలు లోపమే కాదు. ఉన్న లైసెన్సులన్నీ ఆ క్షణాన వాడుకలో ఉన్నాయని చెబుతుంది. పక్క సీటులో ఎవరో ఆ ప్రోగ్రామ్‌ను తెరిచి ఉంచి భోజనానికి వెళ్ళి ఉంటారు. ఈ సంఖ్య తెలిసిన సపోర్టు మనిషి ఆ మాట సౌమ్యంగా చెబుతాడు. తెలియనివాడు అందరి కంప్యూటర్లలోనూ రీఇన్‌స్టాల్ చేయిస్తాడు.

మొదటి ప్రశ్నతో, అంటే కనెక్షన్‌తో మొదలుపెట్టినప్పుడు గడియారాన్ని చూడటం నాకు అలవాటు. సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడాలంటే దాని గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ ఈ రోజున చెల్లుతుందా అని కంప్యూటర్ చూస్తుంది. కంప్యూటర్ దృష్టిలో ఈ రోజు ఏ పదేళ్ళ కిందటి తేదీయో అయితే, ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ను అది నమ్మదు. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. ఈ ఉదయం సరిచేసిన యాక్టివేషన్ రేపు మళ్ళీ చెడిందని కస్టమర్ అంటే, అడగవలసిన మొదటి ప్రశ్న స్క్రీన్ కింది మూల ఏ తేదీ కనిపిస్తోందన్నదే. విండోస్ కీ మేనేజ్‌మెంట్ పద్ధతిలో క్లయింట్ గడియారానికీ సర్వర్ గడియారానికీ 4 గంటలకు మించి తేడా ఉంటే యాక్టివేషన్ జరగదు. ట్రయల్ గడువు పొడిగించుకోవడానికి ఒకప్పుడు తేదీని వెనక్కి తిప్పి మరిచిపోయినవారూ ఉంటారు. ఫ్లెక్స్‌నెట్‌లో అది మైనస్ 88గా బయటపడుతుంది. అటువంటప్పుడు నిందించకుండా, తేదీని ఆటోమేటిక్‌గా ఉంచమని చెప్పి ముందుకు సాగడం మంచిది.

“ఇంటర్నెట్ బాగానే వస్తోంది, బ్రౌజర్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి కదండీ” అన్న మాట రోజూ వినిపిస్తుంది. అది నిజమే, అయినా దానితో మన ప్రశ్నకు జవాబు రాదు. బ్రౌజర్ ఆ యూజర్ పేరు మీద నడుస్తుంది, ఆ యూజర్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) సెట్టింగులను వాడుకుంటుంది; యాక్టివేషన్ సర్వీసు చాలాసార్లు సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది, దానికి ఆ సెట్టింగులు తెలియవు. ఆఫీసుల్లో భద్రత కోసం గుప్త ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి చూసే పరికరాలు ఉంటాయి. అవి తమ సొంత సర్టిఫికెట్‌ను చూపిస్తాయి, బ్రౌజర్ దాన్ని ఒప్పుకుంటుంది గాని కంపెనీ సర్టిఫికెట్‌ను మాత్రమే నమ్మేలా రాసిన యాక్టివేషన్ ప్రోగ్రామ్ ఒప్పుకోదు. దీన్ని తేల్చడానికి ఫైర్‌వాల్ నియమాలన్నీ చదవనక్కరలేదు. ల్యాప్‌టాప్‌ను కాసేపు మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి యాక్టివేట్ చేయమనండి. యాక్టివేట్ అయితే తప్పు నెట్‌వర్క్‌ది. ఆ సంస్థ నెట్‌వర్క్ సిబ్బందికి ఏ చిరునామాను, ఏ పోర్టును అనుమతించాలో రాసి పంపితే చాలు. కాకపోతే తప్పు కంప్యూటర్‌లోనో, కీలోనో, మన దగ్గరో ఉంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత తేల్చే పరీక్ష నాకు తెలిసి మరొకటి లేదు. ఆఫీసు వాళ్ళు సొంత ఫోన్‌కు కలపడానికి ఒప్పుకోరు అన్న చోట మాత్రం వారి నియమాన్ని గౌరవించి లాగ్‌ల దారి పట్టాలి.

పాత కంప్యూటర్ల సంగతి వేరు. సర్వర్‌తో గుప్తంగా మాట్లాడేందుకు వాడే టీఎల్‌ఎస్ ప్రోటోకాల్ పాత వెర్షన్లు 1.0, 1.1లను 2021 మార్చిలో ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ అధికారికంగా పక్కన పెట్టింది, సర్వర్లు ఒక్కొక్కటిగా 1.2 లేదా అంతకంటే కొత్తదానినే అంగీకరించడం మొదలుపెట్టాయి. విండోస్ 7కు 1.2 చేతనైనా, అప్‌డేట్లు, సెట్టింగుల మార్పులు లేకుండా చాలా ప్రోగ్రామ్‌లు దాన్ని వాడుకోలేవు. అదే సంవత్సరం సెప్టెంబర్ 30న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లకు పాత యంత్రాలలో ఆధారంగా ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేయని యంత్రాలు ఆ మరునాడు చాలా సర్వర్లను నమ్మడం మానేశాయి. కస్టమర్ వైపు నుంచి చూస్తే, తాను ఏమీ మార్చలేదు, నిన్నటిదాకా పనిచేసింది, ఈ రోజు పనిచేయడం లేదు. “మీరు ఏదో మార్చి ఉంటారు” అని మనం అంటే అబద్ధం చెప్పినట్టే. మారింది అవతలి ప్రపంచం.

కనెక్షన్ విషయంలో ఇబ్బందికరమైనది హోస్ట్స్ ఫైల్, అంటే సర్వర్ పేర్లకు చిరునామాలు రాసి ఉంచే విండోస్ ఫైల్. ఒకప్పుడు అదే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా వాడినవారి కంప్యూటర్‌లో, యాక్టివేషన్ సర్వర్ల పేర్లను 127.0.0.1కు, అంటే ఆ కంప్యూటర్‌కే, మళ్ళించే వరుసలు ఆ ఫైల్‌లో మిగిలిపోయి ఉంటాయి. ఇప్పుడు నిజాయితీగా డబ్బు కట్టి కొన్నా, ఆ పాత వరుసలు సర్వర్‌కు దారి మూసేస్తాయి. ఒక్కోసారి ఆ దొంగ కాపీని ఎక్కించినది ఆ కంప్యూటర్‌ను అంతకుముందు వాడిన మనిషి కావచ్చు, రిపేరు చేసినవాడు కావచ్చు. నేను అటువంటప్పుడు “ఈ ఫైల్‌లో మా సర్వర్‌ను అడ్డుకునే వరుసలు కొన్ని ఉన్నాయండి, అవి ఎలా వచ్చినా ఇప్పుడు అవసరం లేదు, తీసేద్దాం” అంటాను. చరిత్ర తవ్వితే ఎవరికీ లాభం లేదు. డబ్బు కట్టి వచ్చినవారిని నిలబెట్టి ప్రశ్నించే కంపెనీకి వారు మళ్ళీ డబ్బు కట్టరు.

రెండో ప్రశ్న కీకి సంబంధించినది. ఇక్కడ తప్పులు చిన్నవి, కాని కంటికి ఆనవు. విండోస్ ప్రోడక్ట్ కీలో 25 అక్షరాలు ఐదేసి చొప్పున ఐదు గుంపులుగా ఉంటాయి; పొరపాటు పడకుండా సున్నాను, ఒకటిని, ఇంగ్లీషు అచ్చులను వాటిలో అసలు వాడరు. కాబట్టి కస్టమర్ సున్నా అని చదివితే, అది తప్పుగా చదివినదో, విండోస్ కీ కానే కానిదో అయి ఉండాలి. అయినా ఎనిమిదికీ బీకీ, ఆరుకీ జీకీ మధ్య తికమక మిగిలే ఉంటుంది. అన్ని కంపెనీలూ ఇంత జాగ్రత్త తీసుకోవు. కొందరి కీలలో సున్నా, ఓ రెండూ ఉంటాయి, అటువంటి కీని స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తారు. కాపీ పేస్ట్ చేస్తే ఈ బాధ తప్పుతుంది గాని కొత్త బాధలు వస్తాయి. ఈమెయిల్ నుంచి తీసుకున్న కీ చివర కనిపించని ఖాళీ ఒకటి అతుక్కుని వస్తుంది. వర్డ్ ప్రాసెసర్‌లో దాచుకున్న కీలో చిన్న గీతలు తమంతట తాము పొడుగు గీతలుగా మారిపోయి ఉంటాయి. కీని ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, గీతలను చేత్తో మళ్ళీ టైప్ చేసి, అక్కడి నుంచి కాపీ చేయమని చెప్పడం వల్ల ఈ రెండూ తీరుతాయి. ఆర్డర్ నంబర్‌ను కీ అనుకుని టైప్ చేసేవారు కూడా చాలామంది ఉంటారు. వారిని చూసి నవ్వుకోవడం సులభం, కాని రసీదు మీద ఆర్డర్ నంబర్‌ను లావు అక్షరాల్లో, కీని మరో పేజీ అడుగున వేసింది మనమే కదా.

కీ బదులు లైసెన్స్ ఫైల్ పంపే పద్ధతిలో మరో రకం చిక్కులు ఉంటాయి. విండోస్ ఫైల్ పేర్ల చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైల్ పేరు చివర కస్టమర్‌కు తెలియకుండానే టీఎక్స్‌టీ చేరి, ప్రోగ్రామ్‌కు అది కనబడకుండా పోతుంది. కొందరు అందులో యంత్రం పేరును సరిచేయబోయి డిజిటల్ సంతకం ఉన్న భాగాన్ని కూడా ముట్టుకుంటారు. ఫ్లెక్స్‌నెట్ ఫైల్‌లో సర్వర్ పేరును, పోర్టును మార్చవచ్చు గాని, యంత్రాన్ని గుర్తించే హోస్ట్ ఐడీలో ఒక్క అంకె మారినా సంతకం కుదరక మైనస్ 8 వస్తుంది. ఫైల్‌ను ఎడిట్ చేయకుండా మెయిల్ నుంచి నేరుగా ఆ ఫోల్డర్‌లోకి సేవ్ చేయమని చెప్పడమే ఉత్తమం. విండోస్ యూజర్ పేరు ఇంగ్లీషు కాని లిపిలో ఉన్నప్పుడు కొన్ని పాత ప్రోగ్రామ్‌లు ఆ పేరున్న ఫోల్డర్‌లోని లైసెన్స్ ఫైల్‌ను చదవలేవు. ఏ కోడ్‌తోనూ అంతుపట్టని కేసుల్లో ఫైల్ ఉన్న దారిని పూర్తిగా చదివించుకోవడం అందుకే అవసరం.

కీ సరైనదే, ప్రోడక్టే వేరు అన్న కేసులు కూడా ఈ గుంపులోవే. హోమ్ ఎడిషన్ కీని ప్రో ఎడిషన్‌లో ఇవ్వడం, పాత వెర్షన్ కీని కొత్త వెర్షన్ ఇన్‌స్టాలర్‌లో ఇవ్వడం, ట్రయల్ కోసం విడిగా తయారుచేసిన ఇన్‌స్టాలర్‌లో కొన్న కీని ఇవ్వడం రోజూ జరుగుతాయి. నియమాలే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. విండోస్ 7, 8 కీలతో విండోస్ 10ను యాక్టివేట్ చేసుకునే వీలు చాలా ఏళ్ళు నడిచింది. మైక్రోసాఫ్ట్ 2023లో ఆ దారి మూసేసింది. “పోయినసారి ఇదే కీ పనిచేసింది” అనే కస్టమర్ నిజమే చెబుతూ ఉంటారు. ఆ మాటను ముందుగా ఒప్పుకుని, ఆ తరువాత ఏమి మారిందో చెబితే వింటారు.

మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సాంకేతికత కంటే ఒప్పందం ముఖ్యమవుతుంది. సర్వర్ కంప్యూటర్‌ను గుర్తుపట్టేది దాని హార్డ్‌వేర్ ఆనవాళ్ళతో. మదర్‌బోర్డు మారితే సర్వర్ దృష్టిలో అది కొత్త కంప్యూటర్. కంప్యూటర్‌తో పాటే తయారీదారు ఇచ్చిన విండోస్ లైసెన్స్ ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది, విండోస్ 8 నాటి నుంచి దాని కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే దాస్తున్నారు. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌ను మాత్రం కొత్త యంత్రానికి మార్చుకోవచ్చు. 2016లో వచ్చిన వార్షికోత్సవ అప్‌డేట్ నుంచి విండోస్ 10 డిజిటల్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపెట్టే వీలు ఉంది. అలా ముందే ముడిపెట్టుకున్నవారికి హార్డ్‌వేర్ మార్చాక ట్రబుల్‌షూటర్ నడిపి, హార్డ్‌వేర్ మారిందని చెబితే పని చాలావరకు అయిపోతుంది. ముడిపెట్టుకోనివారికి ఇది చెప్పి ప్రయోజనం లేదు, ఆ సమయంలో ఉపన్యాసం ఇవ్వవద్దు.

హార్డ్‌వేర్ మారకుండానే మారినట్టు కనిపించే సందర్భాలు ఇంకా చికాకు పెడతాయి. లైసెన్స్‌ను నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్‌కు రాసి ఇచ్చే పద్ధతిలో, కస్టమర్ ల్యాప్‌టాప్‌కు వైఫై కార్డుది ఒకటి, కేబుల్ పోర్టుది ఒకటి, యూఎస్‌బీ డాక్‌ది ఒకటి, వీపీఎన్ సృష్టించినది ఒకటి ఉంటాయి. డాక్‌లో పెట్టి ఉన్నప్పుడు తీసిన అడ్రస్‌తో లైసెన్స్ రాయించుకున్న మనిషి ఇంటికి వెళ్ళి తెరిస్తే మైనస్ 9 వస్తుంది. ఆఫీసులో పనిచేస్తుంది, ఇంట్లో పనిచేయదు అన్న ఫిర్యాదు వినగానే నెట్‌వర్క్ మీదికి అనుమానం పోవడం సహజం. నేనైతే ముందు ఆ లైసెన్స్ ఏ కార్డుకు రాసి ఉందో చూస్తాను. ఇటువంటి లైసెన్స్‌ను ఎప్పుడూ యంత్రం లోపలే ఉండే కార్డు అడ్రస్‌కు రాయించుకోమనాలి. వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను) కాపీ చేసినా ఇదే గొడవ వస్తుంది, ఎందుకంటే కాపీకి సాధారణంగా కొత్త మ్యాక్ అడ్రస్ వస్తుంది.

సంస్థల కోసం ఉండే వాల్యూమ్ లైసెన్సుల గురించి రెండు ముక్కలు. కీ మేనేజ్‌మెంట్ పద్ధతిలో యాక్టివేట్ అయిన విండోస్‌కు ఆ హక్కు 180 రోజులు మాత్రమే ఉంటుంది. మామూలుగా ప్రతి 7 రోజులకూ అది సంస్థ సర్వర్‌ను పలకరించి గడువు మళ్ళీ నింపుకుంటుంది. ఇంటి నుంచి పనిచేస్తూ వీపీఎన్‌కు కలవని ఉద్యోగి ల్యాప్‌టాప్ ఆరు నెలల తరువాత ఒకరోజు యాక్టివేషన్ అడగడం ఇందుకే. సంస్థ వీపీఎన్‌కు కలిపి, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ ఆదేశంతో మళ్ళీ యాక్టివేట్ చేయించాలి. సర్వర్ 1688 పోర్టులో వింటుంది, ఆ పోర్టు తెరిచి ఉండాలి. చిన్న సంస్థలో కొత్తగా పెట్టిన సర్వర్ అయితే మరో సంగతి గుర్తుంచుకోవాలి: కనీసం 25 విండోస్ క్లయింట్ యంత్రాలు, సర్వర్ ఎడిషన్లయితే 5, తనను అడిగేవరకు అది ఒక్కదాన్నీ యాక్టివేట్ చేయదు. పది కంప్యూటర్లున్న ఆఫీసు ఈ పద్ధతిని ఎంచుకుంటే ఎంత ప్రయత్నించినా క్లయింట్‌లు యాక్టివేట్ కావు. ఆ మాట మొదటి కాల్‌లోనే చెప్పేవారు దొరకడం వారి అదృష్టం.

ఇంతవరకు రాసినదంతా కస్టమర్ వైపు తప్పు ఉందన్న ఊహతో సాగింది. తప్పు మనదే అయ్యే రోజులు కూడా ఉంటాయి. 2018 నవంబర్ 8న మైక్రోసాఫ్ట్ యాక్టివేషన్ సర్వర్లలో వచ్చిన లోపం వల్ల, చక్కగా యాక్టివేట్ అయి ఉన్న విండోస్ 10 ప్రో కంప్యూటర్లకు మీకు ఉన్నది హోమ్ లైసెన్స్ మాత్రమేనన్న సందేశం వచ్చింది. సర్వర్లను సరిచేశాక అవి మామూలు స్థితికి వచ్చాయి. ఆ మధ్యలో కంగారుపడి విండోస్‌ను మళ్ళీ ఎక్కించుకున్నవారి శ్రమంతా వృథా. కంపెనీ సర్వర్లనే మూసేసే సందర్భాలు ఇంకో రకం. అడోబీ సంస్థ 2005లో అమ్మిన సీఎస్2 ప్రోగ్రామ్‌ల యాక్టివేషన్ సర్వర్లను ఆ తరువాత ఆపేసి, కొన్నవారి కోసం యాక్టివేషన్ అవసరం లేని ప్రత్యేక ఇన్‌స్టాలర్లను ఇవ్వవలసి వచ్చింది. అందువల్ల కస్టమర్‌ను ఒక్క ప్రశ్న అడిగే ముందు కూడా మన సర్వర్ల స్థితిని, గత గంటలో ఇదే కోడ్‌తో వచ్చిన టికెట్లను (నమోదైన ఫిర్యాదులను) చూడాలి. ఒకే కోడ్ ఒకే గంటలో నలుగురికి వస్తే వెతకవలసింది వారి కంప్యూటర్లలో కాదు. అప్పుడు “లోపం మా సర్వర్లలో ఉందండి, మీ కంప్యూటర్‌లో ఏమీ మార్చవద్దు” అని స్పష్టంగా చెప్పేయడం వల్ల పరువేమీ పోదు.

ఇక మాట తీరు గురించి. కోపంగా ఉన్న కస్టమర్ “డబ్బు కట్టాను కదా, ఇంకా నేనేం నిరూపించుకోవాలి?” అని అడిగినప్పుడు, వెంటనే “ఎక్కడ కొన్నారండీ?” అని తిరిగి అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. అదే సమాచారం రావడానికి “మీ కొనుగోలు మా రికార్డులో కనిపిస్తే త్వరగా తేల్చేయవచ్చు, ఆర్డర్ ఏ ఈమెయిల్ మీద జరిగిందండీ?” అంటే చాలు. రెండూ ఒకే ప్రశ్న, మొదటిది అనుమానం, రెండోది సాయం. క్షమాపణ ఒక్కసారి చెబితే సరిపోతుంది. ప్రతి వాక్యం చివరా చెప్పే క్షమాపణ కస్టమర్ సమయాన్నే తింటుంది. వారికి గడువు ముంచుకొస్తున్నప్పుడు కారణం తేల్చడం తరువాతి పని. ముందు తాత్కాలిక లైసెన్స్ ఇచ్చే అధికారం మీకు ఉంటే ఇచ్చేయండి, లేకపోతే ఉన్నవారి చేత ఇప్పించండి. వారం రోజుల తాత్కాలిక కీ వల్ల కంపెనీకి పోయేది దాదాపు శూన్యం. అది ఇచ్చిన మరుక్షణం ఫోన్‌లో స్వరం మారిపోవడం, ఆ తరువాత అడిగిన లాగ్‌లు, స్క్రీన్‌షాట్‌లు విసుక్కోకుండా పంపడం ప్రతిసారీ గమనిస్తూనే ఉన్నాను. ఈ అధికారాన్ని మొదటి అంచెలోని సిబ్బందికి ఇవ్వకుండా మేనేజర్ల దగ్గర దాచుకునే సంస్థలు ఏమి మిగుల్చుకుంటున్నాయో నాకు అర్థం కాదు.

కొన్ని అడగకూడనివి కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎప్పుడూ అడగకూడదు. యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపేసి ఉంచమని చెప్పకూడదు; అనుమానం ఉంటే ఐదు నిమిషాలు ఆపించి, పరీక్షించి, మనం ఫోన్‌లో ఉండగానే మళ్ళీ ఆన్ చేయించాలి. నలుగురూ చూసే చోట కస్టమర్ పూర్తి కీని రాసి ఉంటే, మొదటి పని దాన్ని తీసేయించి, ఆ కీ బదులు కొత్తది ఇవ్వడం.

అన్నిటికంటే కష్టమైన సంభాషణ, నమ్మి మోసపోయినవారితో జరిగేది. అసలు ధరలో పదో వంతుకు ఎవరో అమ్మిన కీ, దొంగిలించిన కార్డుతో కొన్నదో, ఒక సంస్థ వాల్యూమ్ ఒప్పందం నుంచి బయటికి వచ్చినదో అయి, కొన్నాళ్ళకు దాన్ని నిలిపివేస్తారు. కొన్న మనిషి దగ్గర రసీదు ఉంటుంది, డబ్బు కట్టిన రుజువు ఉంటుంది, తప్పు చేశానన్న భావం ఏమాత్రం ఉండదు. వారిని దొంగలుగా చూడకూడదు, అలాగని ఆ కీని మళ్ళీ బతికించే హక్కు కూడా మనకు లేదు. ఆ కీ మా నుంచి సరైన దారిలో బయటికి రాలేదని, అందుకే నిలిపివేశామని ఉన్నదున్నట్టు చెప్పి, అమ్మినవారి దగ్గరో, కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గరో డబ్బు వాపసు అడగడానికి పనికొచ్చేలా ఆ సంగతిని ఈమెయిల్‌లో రాసి పంపాలి. కాగితం మీద ఒక ఆధారం ఇచ్చినందుకు చాలామంది కృతజ్ఞతతోనే ముగిస్తారు. కొందరు తిట్టి ఫోన్ పెట్టేస్తారు, అది కూడా న్యాయమే అనిపిస్తుంది నాకు.

యాక్టివేషన్ సఫలమైందన్న సందేశం రాగానే ఫోన్ పెట్టేయవద్దు. ప్రోగ్రామ్‌ను మూసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మామూలుగా వాడే యూజర్ అకౌంట్‌తో మళ్ళీ తెరవమనండి, ఎందుకంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినప్పుడు పనిచేసి, మామూలు యూజర్‌గా తెరిస్తే లైసెన్స్ ఫోల్డర్ చదివే అనుమతి లేక ఆగిపోయే కేసులు తక్కువేమీ కావు. ఆ తరువాత సర్వర్ లెక్కలో పాత కంప్యూటర్ పేరు మీద మిగిలిపోయిన యాక్టివేషన్ ఉంటే తీసేయండి, యంత్రం మార్చే ముందు డీయాక్టివేట్ చేసే మెనూ ఎక్కడుందో ఒకసారి తెరిపించి చూపించండి. టికెట్‌లో “సమస్య పరిష్కారమైంది” అని మాత్రమే రాసి మూయకుండా, ఏ కోడ్ వచ్చింది, మూడు ప్రశ్నల్లో ఎక్కడ ఆగింది, ఏ మార్పుతో కదిలింది అన్న మూడు సంగతులూ రాయండి. రాత్రి షిఫ్టులో అదే కోడ్‌తో మరొకరు ఫోన్ చేసినప్పుడు మీ సహోద్యోగి మొదట వెతికేది ఆ టికెట్‌నే.